కుట్టుకి రెండంగుళాలు

మా వదిన వేసిన కుట్టు ఊడిందంటే ఆ రోజు ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు. గుడ్డ చిరగొచ్చు, జిప్పు పోవచ్చు, గుండీ రాలొచ్చు, వాటితో ఆవిడకి సంబంధం లేదు. కుట్టు మాత్రం ఊడకూడదు. ఇరవై ఏళ్ళుగా మా ఇద్దరిదీ ఒకటే కొట్టు. వీధివైపు ఒక గది, రెండు మిషన్లు, ఒక పొడుగాటి బల్ల, ఒక నిలువుటద్దం. కొలతలు తీయడం, కత్తిరించడం, పెద్ద కుట్లు వేయడం ఆవిడ పని. అంచులు మడవడం, కాజాలు తీయడం, గుండీలు కుట్టడం, బట్టలు ఎందుకింకా కాలేదో వచ్చినవాళ్ళకి అబద్ధాలు చెప్పడం నా పని. నా పనే కష్టమని నేను చాలాసార్లు చెప్పాను. ఆవిడ ఒప్పుకోదు.

మా కొట్టుకి ఎదురుగా కాలేజీ ఉంది. ఒక రోజు మధ్యాహ్నం అక్కణ్ణించి ఐదుగురు పిల్లలు వచ్చారు. ఒంటినిండా ఎండిపోయిన మట్టి. అప్పుడే తుడిచిన నేల మీద అడుగులు వేసుకుంటూ వస్తుంటే నాకు ఒళ్ళు మండింది. వాళ్ళలో పొట్టి జుట్టు అమ్మాయి ముందుకొచ్చింది. మిగతావాళ్ళు ఆ అమ్మాయిని కెప్టెన్ అని పిలుస్తున్నారు. మెడ నుంచి మడమ దాకా ఒకే ముక్కగా, మందపాటి కాన్వాసుతో ఎనిమిది సూట్లు కావాలంది. తమది గుహల క్లబ్బు అంది.

"గుహల్లోకి ఎందుకమ్మా?" అని అడిగాను.

"చూడ్డానికి ఆంటీ."

"ఏముంటుంది అక్కడ?"

"చీకటి," అన్నాడు వెనకాల నిలబడ్డ పొడుగబ్బాయి.

చీకటి చూడ్డానికి ప్రత్యేకంగా బట్టలు కుట్టించుకునే మనుషుల్ని నేను అదే మొదటిసారి చూడటం. ఆ పొడుగబ్బాయిని వాళ్ళు బల్బు అంటారు. చదువులో వెలుగుతాడని కాదు. లోపలికి వెళ్ళిన ప్రతిసారీ అందరికంటే ముందు వాడి తలమీద లైటే ఆరిపోతుందట.

వదిన ఆ కాన్వాసుతో నాలుగు రోజులు కుస్తీ పట్టింది. మూడు సూదులు విరిగాయి. మోకాళ్ళ దగ్గర, మోచేతుల దగ్గర రెండేసి పొరలు వేసింది. ముందువైపు జేబులు వద్దంది, రాళ్ళకి పట్టుకుంటాయని. గుహ మొహం చూడని మనిషికి ఆ సంగతి ఎలా తట్టిందో నాకు తెలీదు. పదిహేను రోజుల తర్వాత ఎనిమిది సూట్లూ తిరిగొచ్చాయి. ఎనిమిదీ ఒకేచోట, కుడి తుంటి దగ్గర, కుట్టు పొడుగునా విచ్చుకుపోయి ఉన్నాయి.

నేను మిషను కింద దూరిపోదామా అనుకున్నాను. వదిన మాత్రం అరవలేదు. ఒక్కొక్క సూటూ అద్దం ముందు ఎత్తి పట్టుకుని చూసింది. చివరికి కెప్టెన్ వైపు తిరిగి, "ఏ రాయి?" అంది.

"రెండో మలుపు దగ్గర ఒకటుంది ఆంటీ. అందరం దాన్ని రాసుకుంటూనే పాకాలి."

"నాకు చూపించు."

పిల్లలు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. అప్పుడు వాళ్ళకి భయమేసింది, నాకు వాళ్ళకంటే ముందే వేసింది.

ఆ క్లబ్బుకి పెద్దదిక్కు ఒక మాష్టారు. రాళ్ళ గురించి పాఠాలు చెబుతాడు, దొరికిన రాయినల్లా జేబులో వేసుకుంటాడు, నెలకోసారి జేబులు చిరిగి మా దగ్గరికి వస్తాడు. అందుకని ఆయన మాకు రాళ్ళ మాష్టారు. విద్యార్థులు తప్ప ఎవరూ గుహలోకి వెళ్ళకూడదనీ, అది కాలేజీ రూలనీ ఆయన మర్యాదగానే చెప్పాడు. అంతటితో ఆగిపోతుందని నేను ఊపిరి పీల్చుకున్నాను. వదిన వారం తిరక్కుండా అదే కాలేజీలో సాయంత్రం పూట నడిచే సర్టిఫికెట్ కోర్సులో చేరిపోయింది. అది ఏ కోర్సనుకున్నారు, కుట్టుపని కోర్సు. అక్కడ పాఠం చెప్పే టీచరమ్మ కాలరు కత్తిరించడం నేర్చుకున్నది మా బల్ల మీదే. మొదటి రోజు వదిన క్లాసులోకి అడుగు పెట్టగానే టీచరమ్మ గౌరవంగా లేచి నిలబడిందట. టీచరు నిలబడింది కదా అని వదిన కూర్చోలేదట. ఇద్దరూ అలా ఎంతసేపు నిలబడ్డారో క్లాసంతా చెప్పుకుని నవ్వింది. మొదటి పరీక్షలో మా వదినకి నూటికి తొంభై ఆరు వచ్చాయి. ఆ నాలుగు మార్కులు ఎక్కడ పోయాయో ఇప్పటికీ కనిపించిన ప్రతివాళ్ళనీ అడుగుతుంది.

ఏమైతేనేం, మెడలో ఫోటో కార్డు పడింది. నలభై ఆరేళ్ళ వయసులో మా వదిన విద్యార్థిని అయింది.

మా అన్నయ్య పోస్టాఫీసులో ఉత్తరాల మీద ముద్రలు వేస్తాడు. లిఫ్టు తలుపు మూసుకుంటే ఊపిరాడదని నాలుగంతస్తులూ మెట్లెక్కే మనిషి.

"గుహలోకి దేనికి?" అన్నాడు సంగతి విని.

"రాయిని చూడ్డానికి," అంది వదిన.

"బయట రాళ్ళు లేవా?"

"నా కుట్టు చింపినవి లేవు."

ఆ ఆదివారం నేనూ వెళ్ళాను. లోపలికి కాదు, గుహ నోటి దాకా. ఊరి బయట గుట్ట, దాని పొట్టలో ఒక నల్లటి సందు. పక్కనే ఒక చెక్క బోర్డు, దానికి వరసగా మేకులు. లోపలికి వెళ్ళేవాళ్ళు తమ నంబరున్న ఇత్తడి బిళ్ళ మేకుకి తగిలించి వెళ్ళాలి, బయటికొచ్చాక తీసుకోవాలి. బోర్డు మీద బిళ్ళ ఉందంటే మనిషి లోపలున్నట్టు. వదిన తనకని కుట్టుకున్న తొమ్మిదో సూటు వేసుకుని, తన బిళ్ళ తగిలించి, కొప్పు మీద ఎంతకీ కూర్చోని హెల్మెట్‌ని రెండు చేతులా అదిమి, ఆ సందులోకి తల పెట్టింది. తర్వాత భుజాలు పోయాయి, నడుం పోయింది, చివరికి చెప్పుల్లో తప్ప నేనెప్పుడూ చూడని ఆ పాదాలు బూట్లలో తపతప కొట్టుకుంటూ పోయాయి. నా పైప్రాణాలు పైనే పోయాయి.

నాలుగు గంటల తర్వాత బయటికొచ్చింది. కళ్ళు, పళ్ళు తప్ప మిగతా అంతా మట్టే. నవ్వుతోంది. మా ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచీ ఆవిడ చేత్తో నోరు మూసుకుని నవ్వడమే చూశాను. ఆ రోజు నోరంతా తెరిచి నవ్వింది.

"చూశావా ఆ రాయిని?" అన్నాను.

"చూశాను పిల్లా. దాన్నేం అనలేం. ఎంత నున్నగా ఉందో, చెయ్యి వేస్తే తీయబుద్ధి కాలేదు."

నాకు నలభై దాటినా మా వదినకి నేను పిల్లనే. మర్నాడే సూట్లన్నీ విప్పి, తుంటి దగ్గర కుట్టుని వెనక్కి జరిపేసింది. ఆ రాయి దగ్గర మళ్ళీ ఒక్కటీ ఊడలేదు. ఆ రాయితో తగువు అక్కడితో తీరిపోయింది. తీరిపోయాక మానెయ్యాలి కదా. మానలేదు. ప్రతి ఆదివారం వెళ్ళేది. సోమవారం పొద్దున్న కత్తెర పట్టుకుని నాకు గుహ చెప్పేది. పైనుంచి బొట్లు బొట్లుగా నీళ్ళు పడేచోట రాయి పల్చటి తెరలా వేలాడుతోందట, కుచ్చిళ్ళు పెట్టినంత పద్ధతిగా మడతలున్నాయట, అన్ని కుచ్చిళ్ళు పెట్టడం తనవల్ల కూడా కాదట. అందరూ లైట్లు ఆర్పేసి ఒక్క నిమిషం కూర్చుంటే సొంత చెయ్యి కూడా కనపడదట, అప్పుడు ఎవరో ఒకరికి నవ్వొస్తుందట, ఇక ఆపలేరట. చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతుంటే నేను ఒకే చొక్కాకి ఏడు గుండీల బదులు ఎనిమిది కుట్టాను.

ఆ గుట్టకి రెండు గుహలు. పిల్లలు వెళ్ళేది ఇటువైపున్న పై గుహ. గుట్టకి అవతల, రోడ్డు వైపు, కింది గుహ ఉంది. అది తిన్నగా నడిచి వెళ్ళగలిగేంత విశాలం, కాకపోతే కొంతదూరం పోయాక మట్టిగోడ అడ్డం వస్తుంది. రెండూ లోపలెక్కడో కలుస్తాయని రాళ్ళ మాష్టారి నమ్మకం. ఆరేళ్ళుగా వెతుకుతున్నారు. ఇది విన్న రోజు నుంచీ వదినకి వేరే ధ్యాస లేదు.

"ఒక్కసారి ఇటు దూరి అటు తేలాలి పిల్లా," అనేది ఇస్త్రీ చేస్తూ. అన్నం తింటూ అనేది. నిద్రలో కూడా అందని అన్నయ్య చెప్పాడు. నవ్వులాటకి అన్నట్టు చెప్పాడు గానీ ఆయన మొహంలో నవ్వు లేదు.

దారి దొరకాలంటే ముందు గుహ మ్యాపు గియ్యాలి. దానికి కొలతలు కావాలి. ఒకరు ముందుకెళ్ళి లైటు పట్టుకుంటారు, ఇంకొకరు వెనక నిలబడతారు, మధ్యలో పొడుగు టేపు లాగి అంకె గట్టిగా చెబితే బల్బు పుస్తకంలో రాస్తాడు. మళ్ళీ అక్కణ్ణించి ఇంకో మలుపు దాకా. టేపు ఎవరి చేతికివ్వాలన్న చర్చే రాలేదు. ఊళ్ళో సగం మంది నడుములు కొలిచిన మనిషి పక్కనే ఉండగా ఇంకెవరికిస్తారు. వదిన ఆ టేపు మెడలో వేసుకుని మూడు నెలలు పాకింది. అరవై ఆరు కొలతలు తీస్తే గుహ చివరి నుంచి రెండో గది వచ్చింది. మ్యాపు గీసి చూస్తే, ఆ గది గోడకీ కింది గుహ మట్టిగోడకీ మధ్య మూడంటే మూడడుగులు.

ఆ సాయంత్రం ఎనిమిది మంది పిల్లలు మా కొట్లోకి వచ్చి గంతులేశారు. నిలువుటద్దం ఊగింది. నేను కూడా కాస్త ఊగాను, ఎవరూ చూడలేదు.

తవ్వడం మొదలుపెట్టారు. మూడడుగులు తవ్వారు, ఏమీ లేదు. రెండో ఆదివారం నాలుగున్నర. మూడో ఆదివారానికి ఆరడుగులు. అటువైపు కింది గుహలో ఒకరు కూర్చుని గోడమీద సుత్తితో కొడితే ఇటు చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా రాలేదు. పిల్లల అరచేతులు బొబ్బలెక్కాయి. మబ్బులు పడుతున్నాయి. వానలు మొదలైతే కింది గుహలోకి నీళ్ళొస్తాయి, ఆరు నెలలు ఎవరూ అడుగు పెట్టలేరు. ఈలోగా కెప్టెన్ చదువు అయిపోతుంది. మా వదిన కోర్సూ ఆ నెలాఖరుకే ఆఖరు, కార్డు వెనక్కి ఇచ్చెయ్యాలి. ఒకే ఒక్క ఆదివారం మిగిలింది.

గురువారం నాడు మ్యాపు తెచ్చి మా బల్ల మీద పరిచారు. ముడతలున్న మ్యాపుని చూడలేక వదిన ముందు దానికి ఇస్త్రీ చేసింది. దిక్సూచి తప్పు చూపించిందన్నారు. బల్బు చేతికున్న ఉక్కు కడియం వల్లే దిక్సూచి తిరిగిపోయిందని కెప్టెన్ అంది. మాష్టారి జేబులో రాళ్ళ వల్లేమోనని బల్బు అన్నాడు. మాష్టారు జేబులు ఖాళీ చేస్తే బల్ల సగం నిండింది. అందరినీ అనుమానించారు గానీ టేపుని మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు.

శుక్రవారం పొద్దున్న బేకరీ ఆయన చొక్కా కుట్టించుకోవడానికి వచ్చాడు. వదిన ఆయన ఛాతీ చుట్టూ టేపు వేసి, "నలభై నాలుగు," అంది. నేను రాస్తూ తలెత్తాను. టేపు ఆయన వీపు మీదుగా నా వైపుకి వచ్చింది. అక్కడ నలభై రెండు ఉంది.

ఇందులో వింతేమీ లేదు, మా కొట్టు పద్ధతే అది. పద్దెనిమిదేళ్ళ కింద ఒక హెడ్మాష్టారి కోటు కత్తిరించే పని వదిన నాకిచ్చింది. కొలత ఎంతుంటే అంతకే గీసి కత్తిరించాను, కుట్టుకి వదలాల్సిన గుడ్డ సంగతే మర్చిపోయాను. ఆయన వేదికెక్కి, గెలిచిన పిల్లల కప్పు పైకెత్తి చూపించబోతే వీపు మధ్యలో కోటు రెండు చెక్కలైంది. ఆ రోజు నుంచీ వదిన నన్ను నమ్మడం మానేసింది. టేపు చూసి నాకు చెప్పేటప్పుడే రెండంగుళాలు కలిపి చెబుతుంది. ఆవిడ నోటి నుంచి వచ్చే అంకె మనిషిది కాదు, గుడ్డది. పద్దెనిమిదేళ్ళుగా అంతే.

"వదినా," అన్నాను, "గుహలో టేపు చదివి ఎంత చెప్పేదానివి?"

"టేపులో ఎంతుంటే అంత," అంటూ టేపు తీసి మళ్ళీ మెడలో వేసుకుంది. వేసుకున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. వదిన సుద్దముక్క తీసుకుని బల్ల మీద అరవై ఆరు వేసింది. దాన్ని రెండింతలు చేసింది. పన్నెండుతో భాగించింది. పదకొండు వచ్చింది. శేషం లేదు.

"పదకొండు అడుగులు," అంది. అంటే మ్యాపు ప్రకారం చేరామనుకున్న చోటికి పిల్లలింకా చేరనే లేదు. అక్కణ్ణించి పదకొండు అడుగులు ముందుకెళ్ళి తవ్వాల్సింది పోయి, మూడు ఆదివారాలు ఉత్త గుట్టని తవ్వుతున్నారు.

"చేతులు దించొచ్చా అమ్మా?" అన్నాడు బేకరీ ఆయన.

నాకు నవ్వు తన్నుకొచ్చింది. ఎంత ఆపుకుందామన్నా ఆగలేదు, మిషను మీద తలపెట్టి నవ్వాను. పద్దెనిమిదేళ్ళ కింద నేను మర్చిపోయిన గుడ్డ ఇప్పుడు వెళ్ళి గుట్ట లోపల తేలింది. వదిన మాత్రం కుర్చీలో కూలబడింది.

"మాష్టారికి తెలిస్తే నన్నిక లోపలికి రానివ్వడు పిల్లా," అంది.

అప్పుడు నా నవ్వు పోయింది. "చెప్పకు," అన్నాను. "పదకొండు అడుగుల ముందు తవ్వి చూడండి, నాకెందుకో అనిపిస్తోంది అను. వాళ్ళు తవ్వుతారు, దారి దొరుకుతుంది, నువ్వు అటు తేలతావు. ఎవరికి నష్టం?"

"మ్యాపు తప్పుగానే ఉండిపోతుంది."

"ఉంటే ఏం?"

"నా కొలత అది," అంది. మధ్యాహ్నం అన్నం తినలేదు.

శనివారం ఇస్త్రీ చీర కట్టుకుని, మెడలో కార్డు వేసుకుని కాలేజీకి బయల్దేరింది. ఒక్కదాన్నే పంపడం ఇష్టం లేక నేనూ వెళ్ళాను. క్లబ్బు గది అంటే తాళ్ళు, బూట్లు, మట్టి వాసన. వదిన నిలబడి మొత్తం చెప్పింది, హెడ్మాష్టారి కోటుతో సహా. కెప్టెన్ తన అరచేతుల వంక చూసుకుంది. నాకు ఆ బొబ్బలు చూడలేక తల తిప్పుకోవాల్సి వచ్చింది.

ముందు బల్బు మొదలుపెట్టాడు. ముక్కులోంచి ఒక చిన్న చప్పుడు వచ్చింది. "ఆంటీ, గుట్టకి కూడా కుట్టుకి వదిలారా?" అన్నాడు. అంతే, కెప్టెన్ బెంచీ మీద పడి నవ్వింది. మిగతావాళ్ళు తాళ్ళ మీద పడి దొర్లారు. గుట్టని ఎవరైనా వేసుకుని చెయ్యెత్తితే వీపు చిరక్కుండా ఉంటుందిలే అన్నాడు ఇంకొకడు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వారు.

రాళ్ళ మాష్టారు నవ్వలేదు. "అమ్మా, మీరు వచ్చి చెప్పడం గొప్ప సంగతి," అన్నాడు. "కానీ లోపల ఒక్క తప్పు అంకె మీద మనుషుల ప్రాణాలు ఆధారపడతాయి. తప్పు చెప్పినవాళ్ళు ఒక ట్రిప్పు బయట కూర్చోవాలి, అది పిల్లలకి నేను పెట్టిన రూలే. మీకొక రూలు, వాళ్ళకొక రూలు పెట్టలేను. రేపు మీరు బోర్డు దగ్గర ఉండండి."

రేపు తప్ప వదినకి ఇంకో ట్రిప్పు లేదు. ఆ సంగతి అందరికీ తెలుసు.

"సరే మాష్టారూ," అంది.

నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. "మీ జేబులు ఇన్నాళ్ళూ ఎవరు కుడుతున్నారనుకున్నారు?" అని అడిగేశాను. ఆయన జేబు తడుముకున్నాడు. వదిన నా జబ్బ పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

ఆదివారం పొద్దున్న మబ్బు ఇంకా కిందికి దిగింది. వదిన బోర్డు పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. సూటు వేసుకునే వచ్చింది, ఎందుకని ఎవరూ అడగలేదు. అన్నయ్య కూడా వచ్చాడు, గుహ నోటికి వీలైనంత దూరంగా నిలబడ్డాడు. ఇంతలో కెప్టెన్ నా దగ్గరికి వచ్చింది. ఒక మనిషి తగ్గారట, కింది గుహలో గోడ దగ్గర కూర్చుని సుత్తితో చప్పుడు చెయ్యడానికి బల్బుకి తోడు కావాలట. "కింది గుహకి ఆ కాలేజీ రూలు లేదు, తిన్నగా నడిచి వెళ్ళొచ్చు చిన్నాంటీ, బస్సెక్కినంత తేలిక," అంది.

"నేనా?" అన్నాను.

"వెళ్ళు పిల్లా," అంది వదిన. ఆవిడ ఇంకేమన్నా అని ఉంటే నేను వెళ్ళేదాన్ని కాదు. అలా అడిగితే ఎలా కాదనను.

బస్సెక్కినంత తేలికేం కాదు. బస్సులో వెలుతురుంటుంది. గోడ దగ్గరికి చేరిన పది నిమిషాలకి బల్బు లైటు ఆరిపోయింది. నా ఒక్క లైటుతో, పదిసార్లు కొట్టడం, ఆగి వినడం, మళ్ళీ కొట్టడం. నాకు తెలిసిన దేవుళ్ళందరి పేర్లూ రెండేసిసార్లు అయ్యాయి. గంటన్నర గడిచాక, నేను ఆగినప్పుడు ఎవరో కొట్టారు. బల్బు సుత్తి వంక చూశాను. కింద ఉంది.

"మనం కాదు," అన్నాడు వాడు, నోరు తెరిచి.

తర్వాత ఏం జరిగిందో వరసగా చెప్పలేను. ఇద్దరం చేతులతోనే మట్టి లాగేశాం. గోడలోంచి ఒక రాయి కదిలింది, మట్టి జారింది, కంతలోంచి పసుప్పచ్చటి వెలుగు నా మొహం మీద పడింది. ఆ వెలుగులో కెప్టెన్ ముక్కు కనిపించింది. నేను ఆ అమ్మాయి ముక్కు పట్టుకుని ఊపాను. ఎందుకు ఊపానో అడగొద్దు, ఆ క్షణంలో అదే చెయ్యాలనిపించింది. అటు వాళ్ళు, ఇటు మేము, గుట్ట మధ్యలో అరుస్తున్నాం. సరిగ్గా పదకొండు అడుగుల దగ్గర ఒక పలకరాయి వెనక సందు ఉందట, అందరూ ప్రతిసారీ దాని పక్కనుంచే పాకారట.

అప్పుడు అటునుంచి మాష్టారి గొంతు వినిపించింది. కంత ఎంతుందో, మనిషి ఎంతున్నాడో తెలియకుండా ఎవరూ దూరకూడదన్నాడు. మధ్యలో ఇరుక్కుంటే లాగడం కష్టం. అందరి కొలతలూ కావాలి.

"అవి పుస్తకంలో లేవు సర్," అంది కెప్టెన్. "ఆంటీ నోట్లో ఉన్నాయి."

"పిలవండి," అన్నాడు మాష్టారు.

నేను ఇటు గోడకి చెవి ఆనించి కూర్చున్నాను. ఎంతసేపటికో బూట్ల చప్పుడు, ఆయాసం, నాకు తెలిసిన దగ్గు వినిపించాయి. వదిన కంత చుట్టూ, మెడ కొలత తీసినట్టే, టేపు తిప్పింది. "ఉన్నది ఉన్నట్టు చెప్పండమ్మా," అన్నాడు మాష్టారు.

"నలభై," అంది వదిన. నేను ఇటునుంచి లైటు వేసి చూశాను. నలభయ్యే.

తర్వాత ఒక్కొక్కరికీ ఎక్కడ లావో అక్కడి కొలత చెప్పుకుంటూ పోయింది. కెప్టెన్ ముప్పై మూడు. వెనక అబ్బాయి ముప్పై ఐదు. మాష్టారు ముప్పై ఎనిమిది. అందరూ పడతారు. పిల్లలు ఈలలు వేశారు.

"మరి మీరు ఆంటీ?" అంది కెప్టెన్.

ఆవిడ నలభై అనొచ్చు. ముప్పై తొమ్మిది అన్నా టేపు పెట్టి చూసేవాళ్ళు లేరు. ఇన్నేళ్ళూ ఊరందరికీ రెండంగుళాలు కలిపి చెప్పింది, తనకోసం రెండు తగ్గించి చెబితే ఏం పోయింది. చెప్పెయ్ వదినా, చెప్పెయ్ అని నేను గోడకి ఇవతల పళ్ళు బిగబట్టుకున్నాను.

"నలభై రెండు," అంది. "మీరు వెళ్ళండమ్మా. నేను అటు తిరిగి వస్తాను," అంది.

నాకు ఏడుపొచ్చింది. బల్బు నా భుజం తట్టాడు. అటువైపు ఇనుము నేలకి తగిలిన మోత వినిపించింది, మాష్టారు పార తీసుకున్నాడు.

"కుట్టుకి ఎంత వదలాలమ్మా?" అన్నాడు.

వదినకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. "నాకు సరిపోను రెండు మాష్టారూ," అంది. "కుట్టుకి రెండు."

నాలుగంగుళాలు. అందరం కలిసి పడ్డాం దాని మీద, అటు వాళ్ళు, ఇటు మేమిద్దరం. బొబ్బల చేతుల కెప్టెన్ ఎవరికీ పార ఇవ్వలేదు. వదిన పదినిమిషాలకోసారి టేపు తిప్పి అంకె చెప్పేది. నలభై ఒకటి. నలభై రెండున్నర. నలభై నాలుగు అన్నప్పుడు గుట్ట కూలిపోతుందేమో అన్నంత అరుపు వచ్చింది.

"ముందు మీరే," అంది కెప్టెన్.

"నేనెందుకు, నువ్వెళ్ళు."

"పెద్ద ముక్క ముందు కత్తిరించాలని మీరే కదా చెప్పారు ఆంటీ."

హెల్మెట్ వచ్చింది, తర్వాత చేతులు. నేను పట్టుకుని లాగాను. భుజాలు వచ్చాయి, నడుం వచ్చింది, తుంటి దగ్గర ఆగిపోయింది. నా మొహానికి జానెడు దూరంలో ఆవిడ మొహం.

"ఊపిరి వదులు వదినా."

"వదల్లేను పిల్లా, నవ్వొస్తోంది."

"నవ్వకు, ఇంకా ఉబ్బుతావు."

అది విని ఇంకా నవ్వింది. ఆవిడ నవ్వుతుంటే నా చేతుల్లో బలం పోయింది. వెనక పిల్లలు కాళ్ళు తోస్తూ నవ్వుతున్నారు. చివరికి బల్బు నా నడుం పట్టుకుని లాగితే ముగ్గురం ఒకరి మీద ఒకరం పడ్డాం. వదిన లేచి, వెనక్కి తిరిగి ఆ కంతని ఒకసారి చేత్తో నిమిరింది. తర్వాత నడుచుకుంటూ కింది గుహ దాటి వెలుతురులోకి వచ్చింది. అప్పుడే మొదటి చినుకు పడింది.

సంబరంలో ఒకటి మర్చిపోయాం. అవతల, పై గుహ దగ్గర, వదిన లోపలికి వెళ్తూ బోర్డుని అన్నయ్యకి అప్పగించింది. మేం గుట్ట చుట్టూ తిరిగి అక్కడికి చేరేసరికి గంట పట్టింది. వానలో తడుస్తూ, ఆ నల్లటి సందుకి రెండడుగుల దూరంలో, లిఫ్టెక్కలేని మా అన్నయ్య మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి తొంగి చూస్తున్నాడు. ఒక చెయ్యి బోర్డు మీదున్న వదిన బిళ్ళని గట్టిగా పట్టుకుని ఉంది. వదిన వెనకనుంచి వెళ్ళి భుజం మీద తట్టింది.

"నా బిళ్ళ ఇవ్వండి," అంది.

ఆయన ఆవిడని చూశాడు. గుహ వంక చూశాడు. మళ్ళీ ఆవిడని చూశాడు. "నువ్వు లోపల కదా ఉన్నావు," అన్నాడు.

"ఇటు దూరి అటు తేలాను."

అన్నయ్య బిళ్ళ తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. పెట్టిన చెయ్యి వెంటనే తీయలేదు.

నెలాఖరున వదిన కార్డు తిరిగి ఇచ్చేసింది. అరవై ఆరు కొలతల్లోనూ రెండేసి అంగుళాలు తీసేసి మ్యాపు మళ్ళీ గీశారు. ఆ కంతకి పిల్లలు రెండంగుళాల సందు అని పేరు పెట్టారు. ఆ మ్యాపు నకలు ఒకటి మా నిలువుటద్దం పక్కన అంటించాం. బేకరీ ఆయన వచ్చినప్పుడల్లా దాని ముందు నిలబడి, దీన్ని కనిపెట్టేటప్పుడు చేతులెత్తి నిలబడింది నేనే అని అందరికీ చెబుతాడు.

గుట్ట దాటొచ్చిన మర్నాడు, సోమవారం, నేను కొట్టు తెరిచేసరికి వదిన సూటు ఉతికి తాడు మీద వేలాడుతోంది. దగ్గరికెళ్ళి చూస్తే కుడి తుంటి దగ్గర కుట్టు బెత్తెడు ఊడి ఉంది. ఆవిడ చూడకముందే కుట్టేద్దామని గబగబా సూదిలో దారం ఎక్కించాను.

"ఉండనీ పిల్లా," అంది వదిన వెనకనుంచి. "దాన్ని కుట్టకు."